41 సెకన్ల పార్సర్ 2.6 సెకన్లకి దిగిన మూడు వారాలు: నా అనుభవం

జూన్ 9, సోమవారం. తెల్లారి నాలుగున్నరకి మొదలయ్యే రిపోర్టు ఆరింటికల్లా రెడీ అవ్వాలి. ఆరున్నరైనా రావట్లేదని మెయిలు వచ్చింది. మా బెంగళూరు ఆఫీసు ల్యాబులో నెట్‌వర్క్ ట్రాఫిక్‌ని పిక్యాప్ ఫైళ్లుగా పట్టి పెడతారు. పావుగంటకో ఫైలు, రోజుకి 96. ఒక్కోటి సుమారు 6.2 జీబీ. వాటిని చదివి ఏ మెషీన్ ఏ మెషీన్‌తో ఎంత మాట్లాడిందో నిమిషాల వారీగా, గంటల వారీగా లెక్కగట్టేది సీ ప్లస్ ప్లస్‌లో రాసిన చిన్న పార్సర్. రాసినాయన కంపెనీ వదిలి రెండేళ్లయింది. కోడ్ చదవడానికి బాగానే ఉంది, అదే ఇబ్బంది: ఎక్కడా "ఇదిగో తప్పు" అని కంటికి ఆనదు.

పిక్యాప్ ఫార్మాట్ సింపులే. మొదట 24 బైట్ల హెడర్. తర్వాత ప్రతి ప్యాకెట్‌కీ (నెట్‌వర్క్‌లో వెళ్లే ఒక్కో డేటా ముక్కకి) 16 బైట్ల రికార్డు హెడర్ (సెకన్లు, మైక్రోసెకన్లు, ఫైల్లో ఎన్ని బైట్లున్నాయి, అసలు ఎన్ని బైట్లు), దాని వెనక ప్యాకెట్. రికార్డుల మధ్య ప్యాడింగ్ (ఖాళీ నింపే బైట్లు) ఉండదు. మొదటి హెడర్లోని మ్యాజిక్ నంబరు తలకిందులుగా కనిపిస్తే, ఫైలు రాసిన మెషీన్ బైట్ల వరుస మనదానికి వ్యతిరేకం అన్నమాట.

మా సీనియర్ చూసి, "బైట్ స్వాప్ తింటోంది తమ్ముడూ, ప్రతి ఫీల్డుకీ నాలుగు షిఫ్టులు కొట్టాడు చూడు" అన్నాడు. బైట్ల వరుస తిప్పడానికే టైము పోతోందని నాకూ అనిపించింది. ఆ రోజు సాయంత్రం, మర్నాడంతా కూర్చుని స్వాప్‌ని బిల్టిన్ బీస్వాప్‌తో తిరగరాశాను. తేడా సున్నా. ఎందుకు సున్నానో ప్రింట్ పెట్టి చూస్తే తెలిసింది: మా ఫైళ్లన్నీ ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ తరహా ప్రాసెసర్) మెషీన్ల మీద పట్టినవే, చదివేదీ ఎక్స్86. స్వాప్ కోడ్ ఒక్కసారి కూడా నడవలేదు. నడవని కోడ్‌ని ఒకటిన్నర రోజు సానబెట్టాను. ఇంకెవరికీ చెప్పకుండా బ్రాంచ్ డిలీట్ చేసి, ప్రొఫైలర్ (టైము కోడ్‌లో ఎక్కడ పోతోందో చూపే సాధనం) పట్టుకున్నాను.

పట్టుకోవడానికే మూడు రోజులు పట్టింది. నాకిచ్చిన వర్చువల్ మెషీన్లో లినక్స్ ప్రొఫైలర్ పెర్ఫ్‌ని తీసి పెర్ఫ్ రికార్డ్ కొడితే అనుమతి లేదంది. ఉబుంటులో పెర్ఫ్ ఈవెంట్ పారనాయిడ్ అనే సెట్టింగ్ విలువ డిఫాల్టుగా 4 ఉంటుంది, దాన్ని 1కి దించాలి, నాకేమో రూట్ (అడ్మిన్) అనుమతి లేదు. టికెట్ పెట్టింది 10న, దించింది 13 శుక్రవారం మధ్యాహ్నం. దించాక పెర్ఫ్ స్టాట్ కొడితే సైకిల్స్, ఇన్‌స్ట్రక్షన్స్, క్యాష్ మిస్‌ల ఎదురుగా అన్నిటికీ "నాట్ సపోర్టెడ్" అని వచ్చింది. ప్రాసెసర్ కౌంటర్లని వర్చువల్ మెషీన్‌కి ఇవ్వకుండా కట్టేశారు. టికెట్ పెట్టే ముందే కౌంటర్లు ఇచ్చారా లేదా అని ఒకసారి అడిగుంటే ఆ మూడు రోజులు మిగిలేవి.

చివరికి ల్యాబు మూల దుమ్ము పట్టిన డెస్క్‌టాప్ దొరికింది: 32 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్. శనివారం ఎస్‌పీ రోడ్డుకెళ్లి 1 టీబీ సాటా ఎస్‌ఎస్‌డీ 5,400 రూపాయలకి తెచ్చి బిగించాను. ర్యామ్ 32 జీబీ ఉండటం ముఖ్యం, ఎందుకంటే 6.2 జీబీ ఫైలు మొత్తం పేజ్ క్యాష్‌లో (చదివిన ఫైళ్లని లినక్స్ ర్యామ్‌లో ఉంచుకునే చోట్లో) పడుతుంది. ఫైలు క్యాష్‌లో ఉన్నప్పుడు ఒక కొలత, లేనప్పుడు ఒక కొలత విడివిడిగా తీయాలి. మొదటిది కోడ్ సంగతి చెబుతుంది, రెండోది డిస్క్ సంగతి. రెండూ కలిపి కొలిస్తే మొదటిసారి నెమ్మదిగా, రెండోసారి వేగంగా నడిచి, చేయని మార్పుకి కూడా ఫలితం కనిపిస్తుంది. చల్లని (ఫైలు క్యాష్‌లో లేని) కొలతకి ముందు సింక్ కొట్టి, డ్రాప్ క్యాషెస్‌లో 3 రాసి క్యాష్ ఖాళీ చేయాలి. వెచ్చని (ఫైలు క్యాష్‌లో ఉన్న) కొలతకి ఒకసారి ఊరికే నడిపి, తర్వాత పదిసార్లు తీసి మధ్యది చూశాను. ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే గవర్నర్‌ని పెర్ఫార్మెన్స్‌కి మార్చాను. ల్యాప్‌టాప్ మీద కొలవద్దు. మూడో రన్నుకే వేడెక్కి ఫ్రీక్వెన్సీ పడిపోతుంది, మనమేమో కోడ్ పాడైందనుకుంటాం.

జూన్ 16 సోమవారం మొదటి ప్రొఫైల్. పైన వెక్టర్ ఇండెక్స్ ఆపరేటర్, ఇటరేటర్ పోలిక, ఇలాంటివే బారులు తీరి కనిపించాయి. ఆశ్చర్యం వేసింది, ఆప్టిమైజ్ చేసిన బిల్డులో ఇవి ఇన్‌లైన్ అయి మాయమవ్వాలి. చూస్తే నా సీమేక్ (కోడ్‌ని బిల్డు చేయించే సాధనం) బిల్డులో బిల్డ్ టైప్ ఖాళీ. ఖాళీగా వదిలేస్తే సీమేక్ ఆప్టిమైజేషన్ ఫ్లాగు ఏదీ పెట్టదు, అంటే ఓ0, ఆప్టిమైజేషన్ లేనట్టే. సర్వర్‌లోకి వెళ్లే బిల్డు రిలీజ్‌లోనే ఉంది, నాది కాదు. ఆ ప్రొఫైల్ చెత్తబుట్టకి. రెల్ విత్ డెబ్ ఇన్ఫోకి మార్చాను: ఓ2, డీబగ్ సమాచారం రెండూ వస్తాయి.

అక్కడే ఇంకో గొయ్యి ఉంది. రిలీజ్ అయినా, రెల్ విత్ డెబ్ ఇన్ఫో అయినా ఎన్‌డీబగ్‌ని ఆన్ చేస్తాయి, దాంతో అసర్ట్‌లన్నీ (కోడ్‌లో రాసుకునే తనిఖీలు) ఎగిరిపోతాయి. మా పార్సర్‌లో ప్యాకెట్ పొడవు హద్దులో ఉందా అని చూసేది ఒక్క అసర్టే! అంటే సర్వర్‌లో రెండేళ్లుగా ఆ చెక్ లేకుండానే నడుస్తోంది. వేగం సంగతి పక్కనపెట్టి ముందు దాన్ని మామూలు ఇఫ్‌గా మార్చాను. రాసే తీరు కూడా చూసుకోవాలి. "పాయింటర్ ప్లస్ పొడవు, చివరికంటే ఎక్కువా" అని అడిగితే పొడవు పాడైనప్పుడు ఆ కూడికే తప్పుతుంది. "పొడవు, మిగిలినదానికంటే ఎక్కువా" అని అడగాలి.

సరైన బిల్డుతో, క్యాష్ వెచ్చగా: 41 సెకన్లు. ఫైల్లో సుమారు 94 లక్షల ప్యాకెట్లు, అంటే ప్యాకెట్‌కి 4.4 మైక్రోసెకన్లు. నాలుగు ఫీల్డులు చదవడానికి అది చాలా ఎక్కువ.

పెర్ఫ్‌కి కాల్ స్టాక్ (ఏ ఫంక్షన్‌ని ఏది పిలిచిందో ఆ వరుస) కావాలంటే రెండు దారులు. డ్వార్ఫ్ పద్ధతిలో ప్రతి శాంపిల్‌కీ 8 కేబీ స్టాక్ కాపీ చేసుకుంటుంది: సెకనుకి 997 శాంపిళ్ల చొప్పున 41 సెకన్లకి 320 ఎంబీ పైనే ఫైలు, రిపోర్టు తెరవడానికి టీ తాగొచ్చేంత టైము. ఫ్రేమ్ పాయింటర్ ఉంచి కంపైల్ చేస్తే ఫైలు బాగా చిన్నది. కానీ ఆ డెస్క్‌టాప్‌లో ఉబుంటు 22.04, దాని లిబ్‌సీలో (ప్రోగ్రాములన్నీ వాడే సీ లైబ్రరీ) ఫ్రేమ్ పాయింటర్లు లేవు, కాబట్టి లిబ్‌సీని పిలిచిన చోట మధ్యలో ఒక మెట్టు మాయమవుతుంది. 24.04లో అయితే డిఫాల్టుగానే ఉంచుతున్నారు. నేను ఒక్కసారి డ్వార్ఫ్‌తో తీసి బొమ్మ అర్థం చేసుకుని, ఆ తర్వాత అంతా ఫ్రేమ్ పాయింటర్‌తోనే నడిపాను.

ఫ్లేమ్ గ్రాఫ్‌లో (ఏ ఫంక్షన్‌కి ఎంత టైమో చూపే బొమ్మ) పార్సింగ్ అనదగ్గది 5 శాతం. మిగతా 95లో పెద్ద వాటా, మూడో వంతు పైన, లోకల్‌టైమ్ (సెకన్ల లెక్కని స్థానిక సమయంగా మార్చే ఫంక్షన్) కింద ఉంది. నమ్మబుద్ధి కాక స్ట్రేస్‌తో సిస్టమ్ కాల్స్ (ప్రోగ్రాం కెర్నల్‌ని పిలిచే పిలుపులు) లెక్కపెట్టించాను. స్ట్రేస్ కింద ప్రోగ్రాం విపరీతంగా నెమ్మదిస్తుంది, మొత్తం ఫైలు మీద పెట్టి పావుగంట పైన కూర్చున్నాను. ఫైల్లోంచి మొదటి 300 ఎంబీ కోసుకుని నడిపితే చాలు. అలా కోస్తే చివరి ప్యాకెట్ మధ్యలో తెగుతుంది, తెగిన ఫైలుని పార్సర్ ఎలా చూస్తుందో కూడా ఉచితంగా తెలుస్తుంది. శుభ్రంగా కోయాలంటే వైర్‌షార్క్‌తో వచ్చే ఎడిట్‌క్యాప్ ఉంది.

లెక్క ఇలా వచ్చింది: రీడ్ 15 లక్షలు, ఫైల్లో చదివే చోటు మార్చే ఎల్‌సీక్ దాదాపు 94 లక్షలు, ఫైలు వివరాలడిగే స్టాట్ కూడా దాదాపు 94 లక్షలు. ఫైలు తెరిచేది ఒక్కసారి, స్టాట్ ప్యాకెట్‌కొకటి ఎందుకు?

పార్సర్ ప్రతి ప్యాకెట్‌కీ లోకల్‌టైమ్ పిలిచి, అది ఏ నిమిషంలోదో స్ట్రింగుగా రాసుకుంటోంది. టీజెడ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టి లేకపోతే, గ్లిబ్‌సీ (ఉబుంటు వాడే లిబ్‌సీ) లోని లోకల్‌టైమ్ పిలిచిన ప్రతిసారీ టైమ్ జోన్ ఫైలు మారిందేమోనని డిస్క్ వైపు చూసి వస్తుంది. బెంగళూరులో టైమ్ జోన్ మారదు. అయినా పాపం ఒక్క ఫైలుకి 94 లక్షల సార్లు వెళ్లి అడిగొస్తోంది. టీజెడ్ పెట్టినా, లోకల్‌టైమ్ ఆర్ వాడినా ఈ తిరుగుడు ఆగుతుంది. నేను రెండూ చేయకుండా పూర్ణాంకాలకే దిగిపోయాను: మనకి వేసవి సమయం గొడవ లేదు, ఐదున్నర గంటలంటే 19,800 సెకన్లు, కలిపి 60తో భాగిస్తే నిమిషం నంబరు. స్ట్రింగు చివర్లో రిపోర్టు రాసేటప్పుడు మాత్రమే. 41 నుంచి 26కి దిగింది.

దిగిన సంతోషంలో గంటల లెక్కని తప్పు రాశాను. ముందు 3,600తో భాగించి, తర్వాత తేడా కలిపాను. నిమిషాలకి ఎలా రాసినా పర్లేదు, 19,800ని 60 నిశ్శేషంగా భాగిస్తుంది. 3,600 భాగించదు. ప్రతి గంటా అరగంట దగ్గర విరిగింది. రిపోర్టు చూసే అమ్మాయి, "అన్నా, తొమ్మిది గంటల పీక్ ఈసారి సగం సగం అయిందేంటి?" అని అడిగేదాకా నాకు తెలీదు. కలిపాకే భాగించాలి.

ఆ దెబ్బకి జూన్ 18 మొత్తం వేగం ముట్టుకోకుండా పోలిక స్క్రిప్టు రాశాను: పాత బైనరీ ఇచ్చిన రిపోర్టు, కొత్తది ఇచ్చిన రిపోర్టు సార్ట్ చేసి బైటుబైటు పోల్చడం, ఐదు వేరు వేరు ఫైళ్ల మీద. అది తర్వాత నన్ను ఒకసారి కాపాడింది.

జూన్ 19. ఎల్‌సీక్ సంగతి. పాత కోడ్ 16 బైట్లు ఎఫ్‌రీడ్, ప్యాకెట్‌లో మొదటి 128 బైట్లు ఎఫ్‌రీడ్, మిగతాది ఎఫ్‌సీక్‌తో దాటెయ్యడం. అక్కర్లేనిది చదవకుండా దాటేస్తున్నాం కదా, మంచిదే అనిపిస్తుంది. కానీ వెళ్లాల్సిన చోటు ఇప్పటికే బఫర్లో ఉన్నా సరే, గ్లిబ్‌సీ ఎఫ్‌సీక్ కెర్నల్‌ని ఒకసారి పిలిచే తీరుతుంది. పైగా బఫరు 4,096 బైట్లే, మా ప్యాకెట్లు సగటున 660 బైట్లు. ఆరు ప్యాకెట్లకో రీడ్, ప్యాకెట్‌కో ఎల్‌సీక్. దీన్ని తీసేసి, 1 ఎంబీ బఫర్లోకి రీడ్‌తో నేరుగా చదివి, పాయింటర్‌ని ముందుకి జరుపుకుంటూ పోయాను. బఫరు చివర తెగిన రికార్డుని మెమ్‌మూవ్‌తో మొదటికి లాగి, దాని వెనక నింపడం. ప్యాకెట్‌కో వెక్టర్ పుట్టించి చంపడం కూడా దీంతోనే పోయింది. 26 నుంచి 18.

ఈ పద్ధతిలో ఒక ఉచ్చు ఉంది. పాడైన ఫైల్లో ప్యాకెట్ పొడవు మూడు కోట్లని రాసి ఉంటే, రికార్డు పూర్తి కాలేదు, ఇంకా చదవాలి, బఫర్లో చోటు లేదు, సున్నా బైట్లు చదివాం, మళ్లీ మొదటికి. ప్రోగ్రాం చావదు, ముందుకీ పోదు. టీసీపీడంప్ డిఫాల్టుగా పట్టే గరిష్ఠం 2,62,144 బైట్లు. అంతకు మించితే ఫైలు పాడైందని చెప్పి ఆపేశాను.

పాయింటర్‌తో చదివేటప్పుడు ఇంకోటి. రికార్డుల మధ్య ప్యాడింగ్ లేదన్నాను కదా, హెడర్ ఏ బేసి చిరునామాలోనైనా పడొచ్చు. దాన్ని 32 బిట్ల పాయింటర్‌గా క్యాస్ట్ చేసి చదివితే ఎక్స్86లో నడిచిపోతుంది కానీ భాష ప్రకారం తప్పు, అలైన్‌మెంట్ శానిటైజర్ వెంటనే అరుస్తుంది. 4 బైట్ల మెమ్‌కాపీ రాయండి. ఓ2లో అది ఒకే ఒక్క మూవ్ ఇన్‌స్ట్రక్షన్ అవుతుంది, అసెంబ్లీ తీసి చూసుకున్నాను.

జూన్ 20 శుక్రవారం. మిగిలిన 18లో ఎక్కువ భాగం కీ తయారీ. రెండు ఐపీ చిరునామాలు, రెండు పోర్టులు, ప్రోటోకాల్ కలిపి ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్‌తో స్ట్రింగు కట్టి, దాన్ని మ్యాప్‌లో (కీ ఇస్తే లెక్క ఇచ్చే పట్టిక) వెతుకుతోంది. ప్యాకెట్‌లో ఆ సమాచారం 4, 4, 2, 2, 1, మొత్తం 13 బైట్లు. స్ట్రింగుగా చేస్తే నలభై చిల్లర అక్షరాలు, ఒక మాలక్ (కొత్త మెమరీ అడగడం). 13 బైట్లనే 16 బైట్ల స్ట్రక్ట్‌లో పెట్టి, ఆ 16 బైట్ల మీద హాష్, మెమ్‌సీఎంపీ (బైట్ల పోలిక). ఐపీవీ6కి 37 బైట్లు కావాలి, దానికి వేరే టేబుల్. 18 నుంచి 10.5.

పోలిక స్క్రిప్టు ఎర్రగా వచ్చింది. పాత రిపోర్టులో 3,18,402 జంటలు, కొత్తదాంట్లో 5 లక్షల పైన. మళ్లీ నడిపితే ఇంకో అంకె. అంకె మారుతోందంటే ఎక్కడో రాయని మెమరీ చదువుతున్నాం. శుక్రవారం సాయంత్రం, ఆదివారం మధ్యాహ్నం దానికే పోయాయి. కారణం ఆ 13కీ 16కీ మధ్య ఉన్న మూడు బైట్లు. ఫీల్డులన్నీ నింపాను, ప్యాడింగ్ ఎవరూ నింపలేదు. స్టాక్ మీద ముందున్న చెత్తే అందులో మిగిలింది. ఒకే జంట మూడు బైట్ల చెత్త తేడాతో వేర్వేరు జంటలుగా లెక్కలోకొచ్చింది. వాల్‌గ్రైండ్ పెడితే "ఇనిషియలైజ్ చేయని విలువ మీద నిర్ణయం" అని సరిగ్గా ఆ లైనే చూపించింది, ముందే పెట్టుంటే ఆదివారం మిగిలేది. ప్యాడింగ్‌ని పేరున్న మూడు బైట్ల ఫీల్డుగా రాసి సున్నా చేశాను. మళ్లీ 3,18,402.

జూన్ 23. మ్యాప్ తీసేసి చదునైన హాష్ టేబుల్: 2 పవర్ 20 గదులు, గదికి 32 బైట్లు, మొత్తం 32 ఎంబీ, గది నిండి ఉంటే పక్క గది. 10.5 నుంచి 3.6. ఇది నేననుకున్నదానికంటే చాలా ఎక్కువ. మ్యాప్‌లో ఒక్కో వెతుకులాటకి పద్దెనిమిది దాకా పాయింటర్లు తొక్కాలి, ఒక్కోటీ ఒక్కో మూల ఉంటుంది, పెర్ఫ్ స్టాట్‌లో క్యాష్ మిస్‌లు పడిపోవడం అక్కడ కనిపించింది. ఎనిమిది ప్యాకెట్ల కీలు ముందే లెక్కగట్టి గదుల్ని ప్రీఫెచ్ చేస్తే (ముందుగానే ప్రాసెసర్ క్యాష్‌లోకి రప్పిస్తే) 3.0. బైట్ వరుస చెక్‌ని ప్రతి ఫీల్డు దగ్గర కాకుండా ఫైలుకి ఒక్కసారి చేసి, టెంప్లేట్‌తో రెండు లూపులుగా విడదీస్తే 2.6. ఇక్కడితో ఆగిపోయాను.

ఆగే ముందు ఎమ్‌మ్యాప్ (ఫైలుని నేరుగా మెమరీలా చూపే పద్ధతి) ప్రయత్నించాను, అందరూ అడుగుతారని. వెచ్చగా 2.3, కొంచెం మెరుగే. పేజీకో ఫాల్టు (కెర్నల్ వచ్చి పేజీని తగిలించాల్సిన సందర్భం) చొప్పున 15 లక్షలు వస్తాయనుకున్నాను, 95 వేలే వచ్చాయి: క్యాష్‌లో ఉన్న చుట్టుపక్కల పేజీల్ని కెర్నల్ 64 కేబీ చొప్పున కలిపి తగిలిస్తుంది. కానీ చల్లగా 14.8, మామూలు రీడ్‌తో 12.9. మాకు రాత్రి ఫైళ్లన్నీ చల్లనివే. పైగా చదువుతుండగా ఎవరైనా ఆ ఫైలుని కుదిస్తే ఎమ్‌మ్యాప్‌లో ఎర్రర్ కోడ్ రాదు, సిగ్‌బస్ వచ్చి ప్రోగ్రాం పడిపోతుంది. మా క్యాప్చర్ స్క్రిప్టు అప్పుడప్పుడు చేసే పనే అది. రీడ్ దగ్గరే ఉండిపోయాను.

జూన్ 25, 26 ఫజింగ్ (కావాలని పాడుచేసిన ఇన్‌పుట్‌లు ఇచ్చి చూడటం). రెండు గంటల్లోపే రెండు పగుళ్లు దొరికాయి. ఐపీ హెడర్ పొడవు 5 కంటే తక్కువ రాసి ఉన్న ప్యాకెట్ (నాలుగుతో గుణిస్తే కనీసం 20 రావాలి), ఇంకోటి 8100 వీలాన్ ట్యాగ్ ఉండి, ఆ తర్వాతి 4 బైట్లు లేకుండానే తెగిపోయిన ప్యాకెట్. రెండూ పాత కోడ్‌లోనూ ఉన్నవే. పాతది 128 బైట్ల సొంత బఫర్లో తప్పు చదివి ఊరుకునేది, కొత్తది బఫరు చివర దాటి చదివేస్తుంది.

జూన్ 27 శుక్రవారం సర్వర్‌లోకి వెళ్లింది. అక్కడ ఫైలుకి 15 సెకన్లు, అదంతా డిస్కే. ప్రాసెసర్ ఖాళీగా కూర్చుంటోంది. 96 ఫైళ్లకి 24 నిమిషాలు, 4:54కి రిపోర్టు రెడీ. ఎస్‌ఎస్‌డీ బిల్లు ఇంకా అప్రూవల్‌లోనే ఉంది. సోమవారం పొద్దున ఎవరూ ఏమీ అనలేదేంటా అని చూస్తే, రిపోర్టుని మెయిల్ చేసే క్రాన్ (టైముకి దానంతటదే నడిచే పని) ఆరున్నరకి పెట్టి ఉంది. ఆలస్యమవుతోందని నెల కిందట ఎవరో జరిపారట.